నడివయసులో టెస్టోస్టెరాన్: బస్తర్ వైపు నుంచి ఒక సమీక్ష

నలభై అయిదు దాటిన మగవాడు నీరసంగా ఉందనో, కోరిక తగ్గిందనో డాక్టరు దగ్గరికి వెళితే ఈ రోజుల్లో రక్తపరీక్షల చీటీలో టెస్టోస్టెరాన్ కూడా చేరుతోంది. అంకె తక్కువ వచ్చిందంటే ఇక రెండు రకాల మాటలు వినిపిస్తాయి. ఇంజెక్షన్ వేయించుకో, పదేళ్లు వెనక్కి వెళతావని ఒకరు. దాని జోలికి పోకు, గుండె దెబ్బతింటుంది, ప్రొస్టేట్ క్యాన్సర్ వస్తుందని ఇంకొకరు. రెండూ అతిశయోక్తులే. గత పదిహేనేళ్లలో జరిగిన పెద్ద పరిశోధనలు రెండింటినీ చాలావరకు పక్కకు నెట్టాయి. అయినా చిక్కు వీడలేదు, ఇంకోచోట ముడిపడింది.

ఈ చర్చ ఎక్కువగా అమెరికాలో, యూరప్‌లో పెరిగింది. అక్కడి రోగి సాధారణంగా స్థూలకాయుడు, సుగరు ఉన్నవాడు, అమెరికాలో అయితే టీవీలో ప్రకటన చూసి వచ్చినవాడు. ఆ రోగిని దృష్టిలో పెట్టుకుని రాసిన సూత్రాలను బస్తర్‌కు తెచ్చి చూస్తే కొన్ని సరిపోతాయి, కొన్ని సరిపోవు. దక్షిణ బస్తర్‌లో కోంట, భోపాలపట్నం వైపు తెలుగు కొత్త భాషేమీ కాదు. బైలదిల్లా ఇనుప గనుల దగ్గర కిరందుల్, బచేలీలలో దశాబ్దాలుగా స్థిరపడ్డ తెలుగు కుటుంబాలున్నాయి. పెద్ద వైద్యం కావాలంటే కోంట వాళ్లు భద్రాచలం దారి పడతారు, భోపాలపట్నం వాళ్లు వరంగల్ వైపు వస్తారు, కిరందుల్ వాళ్లు రైలెక్కి విశాఖలో దిగుతారు. జగదల్‌పూర్‌లో 2006 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. ఇలాంటి ప్రాంతంలో రెండు తప్పులు పక్కపక్కనే జరగడానికి వీలుంది: నిజంగా హార్మోన్ లోపం ఉన్నవాడిని ఎవరూ గుర్తించకపోవడం, లోపం లేనివాడికి మందు అంటగట్టడం. ప్రపంచ చర్చంతా రెండో తప్పు చుట్టూనే తిరుగుతోంది. మొదటిదాన్ని కూడా లెక్కలోకి తీసుకోకపోతే ఈ ప్రశ్న మీద ఇక్కడ చెప్పే ఏ మాటయినా సగమే.

వాదన పుట్టిన తీరు

1889లో పారిస్‌లో బ్రౌన్-సెకార్డ్ అనే పేరున్న శరీరశాస్త్రవేత్త, డెబ్బై రెండేళ్ల వయసులో, కుక్క, గినీపందుల వృషణాల నుంచి తీసిన రసాన్ని తనకే ఎక్కించుకుని బలం తిరిగొచ్చిందని ప్రకటించాడు. యూరప్ అంతా ఊగిపోయింది. 2002లో ఆస్ట్రేలియా పరిశోధకులు అదే పద్ధతిలో రసం తీసి కొలిస్తే, శరీరం మీద పనిచేసేంత హార్మోన్ అందులో లేదని తేలింది. ఆయనకు కలిగిన బలం నమ్మకం వల్ల కలిగినదే. ఈ రంగంలో ప్లాసిబోతో (ఉత్తుత్తి మందుతో) పోల్చి చూడని ఏ ఫలితాన్నీ ఎందుకు నమ్మకూడదో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

అసలు హార్మోన్‌ను 1935లో ఆమ్‌స్టర్‌డామ్‌లో లకర్ బృందం ఎద్దుల వృషణాల నుంచి వేరుచేసింది. అదే ఏడాది బుటెనాంట్, రుజిచ్కా దాన్ని ప్రయోగశాలలో తయారుచేశారు. 1939లో రసాయనశాస్త్రంలో నోబెల్ ఆ ఇద్దరికీ దక్కింది. 1941లో చార్లెస్ హగ్గిన్స్ బృందం వృషణాలు తొలగిస్తే ప్రొస్టేట్ క్యాన్సర్ తగ్గుముఖం పడుతుందని చూపింది. దానికి తోడు, టెస్టోస్టెరాన్ ఇస్తే ఆ క్యాన్సర్ పెరుగుతుందన్న మాట కూడా స్థిరపడిపోయింది. బోస్టన్ యూరాలజిస్టు మోర్గెంటేలర్ పాత కాగితాలు తిరగేసి, ఆ రెండో మాటకు ఆధారం వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మంది రోగులేనని తేల్చేదాకా అరవై ఏళ్లకు పైగా డాక్టర్లు దాన్నే పాఠంగా చదువుకున్నారు.

మగవాళ్లకూ మెనోపాజ్ లాంటి దశ ఒకటి ఉందన్న వాదం 1944లో హెల్లర్, మయర్స్ రాసిన వ్యాసంతో వైద్యపత్రికల్లో బలపడింది. కానీ ఆడవాళ్లలో హార్మోన్ కొద్ది కాలంలోనే పడిపోతుంది. మగవాళ్లలో నలభై తర్వాత ఏడాదికి దాదాపు ఒక శాతం చొప్పున నెమ్మదిగా జారుతుంది, అది కూడా అందరిలోనూ కాదు. 2000లో అమెరికా మార్కెట్‌లోకి జెల్ వచ్చాక సూది నొప్పి పోయింది, ప్రకటనలు ఊపందుకున్నాయి. నలభై దాటిన అమెరికన్ మగవాళ్లలో ఈ మందు వాడేవాళ్లు 2001లో 0.81 శాతం, 2011 నాటికి 2.91 శాతం. వాళ్లలో నాలుగో వంతు మందికి, మందు మొదలుపెట్టే ముందు ఏడాదిలో రక్తపరీక్ష చేసిన దాఖలాయే లేదు.

గీత ఎక్కడ గీయాలి?

తక్కువ అంటే ఎంత తక్కువ? అమెరికా యూరాలజీ సంఘం డెసిలీటరుకు 300 నానోగ్రాములు అంటుంది. అమెరికాలోనే ఎండోక్రైన్ సొసైటీ 2018లో 264ను సాధారణ స్థాయికి అడుగు గీతగా చెప్పింది. బ్రిటన్‌లో లీటరుకు 12 నానోమోల్‌లు, అంటే దాదాపు 346, దాటకపోతే ఆలోచించవచ్చంటారు. అంటే 290 వచ్చిన మనిషి ఒక సంఘం లెక్కలో రోగి, ఇంకో సంఘం లెక్కలో ఆరోగ్యవంతుడు. పైగా 264 అనే అంకె అమెరికా, యూరప్‌లలోని ఊబకాయం లేని పడుచు మగవాళ్ల రక్తం నుంచి వచ్చింది.

అంకె కూడా నిలకడగా ఉండదు. తెల్లవారుజామున ఎక్కువ, సాయంత్రానికి తక్కువ. కడుపు నిండా తిన్నాక, ముఖ్యంగా తీపి తిన్నాక, పావు వంతు దాకా పడిపోవచ్చు. జ్వరంలో, పెద్ద జబ్బులో తగ్గిపోతుంది. మొదటిసారి తక్కువ వచ్చినవాళ్లలో దాదాపు 30 శాతం మందికి రెండోసారి మామూలుగానే వస్తుంది. అందుకే పరగడుపున, పొద్దున్నే, రెండు వేర్వేరు రోజుల్లో తీసిన రక్తంతోనే నిర్ణయించాలన్న విషయంలో ఇంతగా కొట్లాడుకునే సంఘాలన్నీ ఒక్కమాట మీద ఉన్నాయి. గనిలో నైట్ షిఫ్టు దిగి నేరుగా ల్యాబ్‌కు వచ్చే కార్మికుడి విషయంలో 'పొద్దున్నే' అన్న షరతు గడియారంతో తీరదు. అతను నిద్రలేచిన వేళను బట్టి తీయాలి.

లక్షణాలతో ముడిపెట్టకుండా అంకెను ఒంటరిగా చూస్తే ఏమవుతుందో 2010లో ఒక యూరప్ అధ్యయనం చూపించింది. కోరిక తగ్గడం, పొద్దుటి అంగస్తంభనలు తగ్గడం, కలయికలో స్తంభన లోపం, ఈ మూడూ ఉండి హార్మోనూ తక్కువగా ఉన్నవాళ్లే అసలు రోగులని లెక్కకడితే, నలభై నుంచి డెబ్బై తొమ్మిదేళ్ల మగవాళ్లలో తేలింది 2.1 శాతం. ఒక్క నీరసం చూసో, దిగులు చూసో లెక్కకడితే సగం ఊరు వస్తుంది. నడివయసులో నీరసం లేనివాడెవడు?

మూడు పక్షాలు

ఈ చర్చలో పేరు పెట్టుకోని మూడు పక్షాలున్నాయి. మొదటి పక్షానికి టెస్టోస్టెరాన్ లోపం సుగరు, బీపీల్లాగే ఒక జబ్బు. వయసు కారణమని వదిలేయడం నిర్లక్ష్యం. పరేశ్ దండోనా, ధిండ్సా బృందం 2004లో అమెరికాలోని బఫలోలో టైప్-2 సుగరు ఉన్న మగవాళ్లలో మూడో వంతు మందికి హార్మోన్ తక్కువని చూపాక ఈ పక్షానికి బలం పెరిగింది. రెండో పక్షం, దీన్ని ఒళ్లు బరువెక్కడానికి, సుగరుకు, మద్యానికి, నిద్రలేమికి అద్దం అనుకుంటుంది. బరువు తగ్గితే హార్మోన్ దానంతటదే పెరుగుతుంది కదా, కాబట్టి కారణాన్ని సరిచేయాలన్నది వీళ్ల మాట. అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజిషియన్స్ 2020లో ఈ పక్షానికి దగ్గరగా వచ్చింది: వయసుతో తగ్గిన హార్మోన్‌కు, లైంగిక సమస్య ఉండి రోగి కోరుకుంటేనే చికిత్స, ఏడాదిలోగా ఫలితం లేకపోతే ఆపేయాలి, ఇవ్వాల్సి వస్తే ఖర్చు తక్కువ కాబట్టి జెల్ కంటే సూదే మేలు.

మూడో పక్షం పాతతరం ఎండోక్రినాలజిస్టులది. వృషణాల్లోనో పిట్యూటరీలోనో ఫలానా చోట చెడిందని చూపగలిగితేనే వీళ్లు ఇస్తారు. అలాంటి రోగికి మాత్రం వెనకాడకుండా, జీవితాంతం ఇస్తారు. వాదనల్లో ఈ పక్షం గొంతు చిన్నది. బస్తర్‌కు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది మాత్రం వీళ్ల చూపేనని ఈ సమీక్ష అభిప్రాయం.

పెద్ద పరీక్షలు ఏం తేల్చాయి?

2010లో 65 దాటిన, నడవడానికి ఇబ్బందిపడే 209 మంది మీద జరుగుతున్న ఒక పరీక్షను, మందు పుచ్చుకున్నవాళ్లలో గుండె సమస్యలు ఎక్కువయ్యాయని మధ్యలోనే ఆపేశారు. 2013, 2014లలో వచ్చిన రెండు పరిశీలనా అధ్యయనాలు భయాన్ని పెంచాయి. 2015లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మందు డబ్బాల మీద గుండెపోటు, పక్షవాతం హెచ్చరిక వేయించింది.

2016 నుంచి వెలువడిన 'టీ ట్రయల్స్' ఫలితాలు కాస్త తేట తెచ్చాయి. 65 దాటిన 790 మందిలో కోరిక, లైంగిక జీవితం ఓ మాదిరిగా మెరుగయ్యాయి. రక్తహీనత కొంత సర్దుకుంది, ఎముక సాంద్రత పెరిగింది. చాలామంది ఏ నీరసం పోవాలని మందు కోరతారో, ఆ నీరసం మీద చెప్పుకోదగ్గ ప్రభావం కనిపించలేదు. జ్ఞాపకశక్తికీ లాభం లేదు.

2023లో ట్రావర్స్ అనే పెద్ద పరీక్ష ఫలితం వచ్చింది. 45 నుంచి 80 ఏళ్ల మధ్య, హార్మోన్ 300 కంటే తక్కువ ఉండి, గుండెజబ్బు కానీ దాని ముప్పు కానీ ఉన్న అయిదు వేల పైచిలుకు మంది. గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణం కలిపి మందు వాడినవాళ్లలో 7.0 శాతం, ప్లాసిబో వాళ్లలో 7.3 శాతం. అంటే తేడా లేదు. ప్రొస్టేట్ క్యాన్సర్ కూడా చెప్పుకోదగ్గంత పెరగలేదు. అయితే ప్రొస్టేట్ రక్తపరీక్ష పీఎస్‌ఏలో అంకె ఎక్కువగా ఉన్నవాళ్లను ముందే పక్కన పెట్టారు. 2025 ఫిబ్రవరిలో ఎఫ్‌డీఏ గుండె హెచ్చరికను సడలించి, రక్తపోటు పెరుగుతుందన్న హెచ్చరికను చేర్చమంది.

ఇక్కడితో ఆగిపోయి 'సురక్షితం' అని రాసేవాళ్లు మిగతా పేజీలు చదవలేదు. అదే ట్రావర్స్‌లో గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ 3.5 శాతం, ప్లాసిబోలో 2.4. ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టడం 0.9 శాతం, ప్లాసిబోలో 0.5. కిడ్నీ ఉన్నట్టుండి దెబ్బతినడమూ కాస్త ఎక్కువే. ఎముక సాంద్రత పెరుగుతుంది కాబట్టి విరగడం తగ్గాలి కదా అనుకుంటే, 2024లో వచ్చిన ఎముకల నివేదికలో విరగడమే ఎక్కువైంది: మందు వాడినవాళ్లలో 3.50 శాతం, ప్లాసిబోలో 2.46 శాతం. ఎందుకన్నది ఎవరూ నమ్మకంగా చెప్పలేకపోతున్నారు.

సుగరు సంగతి ఇంకా తిరకాసు. 2021లో వెలువడిన ఆస్ట్రేలియా పరీక్షలో 1,007 మందిని బరువు తగ్గే కార్యక్రమంలో చేర్చి, సగం మందికి మూడు నెలలకోసారి సూది వేస్తే, రెండేళ్లకు సుగరు ఉన్నవాళ్లు సూది వేసినవాళ్లలో 12 శాతం, ప్లాసిబోలో 21 శాతం. మొదటి పక్షం సంబరపడింది. బరువు కార్యక్రమం లేని ట్రావర్స్‌లో మాత్రం సుగరు అంచున ఉన్నవాళ్లను మందు కాపాడలేకపోయింది. బరువు తగ్గే ప్రయత్నం లేకుండా మందు ఒక్కటే చేసేది తక్కువన్నది ఈ రెండింటినీ కలిపి చదివితే దొరికే అర్థం. ఆస్ట్రేలియా పరీక్షలోనే మందు వాడిన 22 శాతం మందిలో హిమటోక్రిట్ 54 దాటింది, అంటే రక్తం ప్రమాదకరంగా చిక్కబడింది.

ఇంకో సంగతి. ట్రావర్స్‌లో వాడింది రోజూ రాసుకునే జెల్, అదీ రక్తపరీక్ష చూసి మోతాదు మార్చుతూ. సగటున ఇరవై రెండు నెలలే వాడారు. 61 శాతం మంది మధ్యలో మానేశారు. మన దగ్గర ఎక్కువగా దొరికేది, చవకైనది రెండు మూడు వారాలకోసారి కండలో వేసే సస్టనాన్ లాంటి నూనె సూది. వేసిన కొద్ది రోజులు హార్మోన్ శిఖరానికెక్కి, తర్వాతి సూది నాటికి లోయలోకి జారుతుంది. జెల్ మీద వచ్చిన భరోసాను ఆ సూదికి బదిలీ చేయడం కుదరదు.

బస్తర్‌లో లోపం ఎక్కడి నుంచి వస్తుంది?

పాఠ్యపుస్తకంలో చివరి పేజీలకు నెట్టేసిన కారణాలు ఇక్కడ ముందు వరసలోకి వస్తాయి. దేశంలో కుష్ఠు ఎక్కువగా మిగిలిన రాష్ట్రాల్లో ఛత్తీస్‌గఢ్ ఒకటి. కుష్ఠు క్రిమికి చల్లని భాగాలంటే ఇష్టం, వృషణాలు శరీరం కంటే చల్లగా ఉంటాయి. లెప్రోమేటస్ రకంలో అవి నెమ్మదిగా వాడిపోతాయి, రొమ్ములు పెరగవచ్చు, పిల్లలు పుట్టకపోవచ్చు. మందులతో క్రిమి చచ్చినా వృషణాలు తిరిగి కోలుకోవు. చర్మం మచ్చలు మానాయని రోగిని పంపించేస్తారు. హార్మోన్ మాట ఎవరూ ఎత్తరు.

రక్తపింజరి కాటు రెండోది. ఆ విషానికి పిట్యూటరీ గ్రంథిలోకి రక్తస్రావమై గ్రంథి చచ్చిపోవచ్చని బర్మా, శ్రీలంక, దక్షిణ భారతం నుంచి వచ్చిన కేసులు చెబుతున్నాయి. కాటు మానిన కొన్ని నెలలకో ఏళ్లకో గడ్డం పలచబడటం, నీరసం, బీపీ పడిపోవడం మొదలవుతాయి. వానాకాలంలో పాముకాటు మామూలైన ఈ అడవుల్లో 'ఎప్పుడైనా పాము కరిచిందా' అనే ప్రశ్న, టెస్టోస్టెరాన్ తక్కువ వచ్చిన ప్రతి మగవాడినీ అడగదగింది. ఇలాంటి రోగికి ఒక్క టెస్టోస్టెరాన్ ఇచ్చి ఊరుకుంటే ప్రాణం మీదికి రావచ్చు, ఎందుకంటే అతనికి ముందు కావలసింది కార్టిసాల్, తర్వాత థైరాయిడ్. పిట్యూటరీ హార్మోన్లయిన ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, ప్రొలాక్టిన్ చూడకుండా సూది మొదలుపెట్టకూడదని చెప్పేది అందుకే.

మూడోది సికిల్ సెల్ అనే వారసత్వ రక్తజబ్బు. 2023 జులైలో దేశవ్యాప్త నిర్మూలన కార్యక్రమం మొదలవడానికి ఛత్తీస్‌గఢ్ లాంటి రాష్ట్రాల్లోని ఆదివాసీ జనాభాయే పెద్ద కారణం. ఈ జబ్బున్న మగవాళ్లలో టెస్టోస్టెరాన్ తగ్గడం తరచుగా కనిపించేదే. కానీ నొప్పితో గంటల తరబడి సడలని స్తంభన కూడా వీళ్లకే వస్తుంది, హార్మోన్ ఇస్తే అది పెరుగుతుందేమోనన్న భయం ఉంది. గవదబిళ్లలు, జననాంగాల క్షయ చిన్న వాటా. మద్యం పెద్ద వాటా. ఇప్పసారా, జీలుగు కల్లు ఇక్కడి సంస్కృతిలో భాగమే, కానీ ఏళ్ల తరబడి ఎక్కువ తాగితే వృషణాలు, కాలేయం రెండూ లొంగిపోతాయి. మలేరియా జ్వరంలోనో, తిండి లేక చిక్కిపోయినప్పుడో తీసిన అంకెకు విలువే లేదు. రక్తహీనత విషయంలోనూ జాగ్రత్త కావాలి. టెస్టోస్టెరాన్ రక్తం పెంచుతుందన్నది నిజమే అయినా, ఇనుము లోపానికో సికిల్ సెల్‌కో అది వైద్యం కాదు.

ఇక్కడి ఆరోగ్య వ్యవస్థలో ఇంటి గడప దాకా వెళ్లేది మితానిన్ అనే గ్రామ ఆరోగ్య కార్యకర్త. ఆమె ఆడమనిషి, ఆమె పని ఎక్కువగా తల్లీపిల్లల చుట్టూ. మగవాడు తన లైంగిక ఇబ్బందిని ఆమెకు చెప్పడు. ఊరి సంప్రదాయ వైద్యులైన సిర్హాకో గునియాకో చెబుతాడు, లేదా సంతలో మందులమ్మేవాడికి.

ముస్లి దుంప సంగతి

ఆ సంతలోనే బస్తర్‌కు ఈ చర్చతో సొంత చుట్టరికం ఉంది. మగతనం పెంచే వైద్యమైన వాజీకరణం ఆయుర్వేదంలో ఎనిమిది అంగాల్లో ఒకటి. దానికి పేరుపడ్డ దుంప సఫేద్ ముస్లి. కొండగాఁవ్‌లో రాజారామ్ త్రిపాఠీ దాన్ని పెద్ద ఎత్తున సాగుచేసి దేశమంతా పేరు తెచ్చుకున్నారు. ధరలు ఎగసిన రోజుల్లో రైతులు దానివైపు ఎగబడ్డారు, ధర పడిపోయాక చాలామంది చేతులు కాల్చుకున్నారు. పంటగా దాని కథ వేరు, మందుగా వేరు. టెస్టోస్టెరాన్ పెంచుతుందనడానికి ఉన్న ఆధారాలు ఎక్కువగా ఎలుకల మీదివి. అశ్వగంధకు కాస్త మెరుగైన సాక్ష్యముంది: 2019లో ఆస్ట్రేలియాలో నలభై నుంచి డెబ్బై ఏళ్ల అధిక బరువు మగవాళ్ల మీద చేసిన చిన్న పరీక్షలో హార్మోన్ ప్లాసిబో కంటే దాదాపు 15 శాతం ఎక్కువ పెరిగింది. నీరసంలో కానీ, లైంగిక తృప్తిలో కానీ తేడా రాలేదు. అంకె మారింది, మనిషికి మాత్రం తేడా తెలియలేదు. కొందరిలో అశ్వగంధ కాలేయాన్ని దెబ్బతీసిన కేసులూ ఉన్నాయి. 'లాడ్జిలో డాక్టరు' ప్రకటనల పొట్లాల్లో ఏముంటుందో తెలియదు కాబట్టి వాటి గురించి రాయడానికీ ఏమీ లేదు.

మొదలుపెడితే

పిల్లలు ఇంకా కావాలనుకునేవాడికి టెస్టోస్టెరాన్ ఇవ్వకూడదు. బయటి నుంచి హార్మోన్ వస్తే పిట్యూటరీ తన ఆదేశాలు ఆపేస్తుంది, వీర్యకణాలు పడిపోతాయి. 1990లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికో సూదిని మగవాళ్ల గర్భనిరోధకంగా పరీక్షించింది, అది బాగానే పనిచేసింది కూడా. రెండో పెళ్లి చేసుకున్న నలభై అయిదేళ్ల మనిషికి ఈ సంగతి ముందే చెప్పాలి. ప్రొస్టేట్, రొమ్ము క్యాన్సర్ ఉన్నవాళ్లకు, రక్తం ఇప్పటికే చిక్కగా ఉన్నవాళ్లకు, గత ఆరు నెలల్లో గుండెపోటో పక్షవాతమో వచ్చినవాళ్లకు, వైద్యం చేయించుకోని తీవ్రమైన స్లీప్ ఆప్నియా ఉన్నవాళ్లకు వద్దు.

ఏ రూపంలో అన్నది ఇక్కడ డబ్బు, దారి, ఇల్లు కలిసి తేల్చే విషయం. జెల్ సమతూకంగా పనిచేస్తుంది, కానీ ఖర్చెక్కువ. చెమటలో ఉండే పని, ఒకే గదిలో పిల్లలతో పడుకునే ఇల్లు అయితే మందు పిల్లల చర్మానికి అంటుకునే ప్రమాదముంది. మాత్రలు కొవ్వున్న భోజనంతో వేసుకుంటేనే ఒంటికి పడతాయి. గంజి, జావ మీద వేస్తే దండగ. పది నుంచి పద్నాలుగు వారాలకోసారి వేసే పెద్ద సూది దూరాల వాళ్లకు అనుకూలమే, కానీ ఏదైనా చెడు జరిగితే ఒంట్లోంచి వెనక్కి తీయలేం. పాత సూది చవక, ఏ ఊళ్లోనైనా వేయించుకోవచ్చు. చిక్కంతా రక్తం చిక్కబడటంతోనే. ఏది ఎంచుకున్నా మూడు నుంచి ఆరు నెలల్లో ఒకసారి, తర్వాత ఏటా హిమటోక్రిట్, పీఎస్‌ఏ చూడాల్సిందే. ఊళ్లో ఆర్‌ఎంపీ సూది వేయగలడు, హిమటోక్రిట్ తీయలేడు. అది తీసే ఏర్పాటు లేని చోట మొదలుపెట్టకపోవడమే మంచిది.

తేలనివి

గుండెజబ్బు ముప్పులేని నలభై అయిదేళ్ల మనిషి ఇరవై ఏళ్లు వాడితే ఏమవుతుందో చెప్పే పరీక్ష లేదు. ట్రావర్స్‌లో సగటు పరిశీలన మూడేళ్ల లోపే. సూదుల మీద అంత పెద్ద పరీక్ష జరగలేదు. ఎముకలు ఎందుకు విరుగుతున్నాయన్నది అలాగే మిగిలింది. సికిల్ సెల్ ఉన్నవాళ్లకు ఏ మోతాదు సురక్షితమన్నదానికి పెద్ద ఎత్తున ఆధారం లేదు. పాశ్చాత్య పడుచువాళ్ల రక్తం నుంచి గీసిన గీత, ఏటా మలేరియా, పోషకాహార లోపం చూసిన ఒంటికి ఎంతవరకు వర్తిస్తుందన్నదీ అంతే.

వీటిలో కొన్నింటికి జవాబులు బోస్టన్ నుంచి రావు, జగదల్‌పూర్ నుంచి రావచ్చు. కుష్ఠు రోగుల నమోదు పుస్తకాలు, పాముకాటు కేసు షీట్లు ఆసుపత్రుల్లో ఉండేవే. చికిత్స పూర్తయిన మగవాళ్లను పిలిచి, పరగడుపున రెండుసార్లు రక్తం తీసి, టెస్టోస్టెరాన్, ఎల్‌హెచ్ చూడటానికి కొత్త యంత్రాలేమీ అక్కర్లేదు.